పళ్ళు ఒంట్లో భాగం కావా?

ప్రతి ఏడాదీ ఆఫీసులో మెడికల్ ఇన్సూరెన్స్ రెన్యువల్ టైమొస్తుంది. హెచ్చార్ వాళ్ళ మెయిలు, దానికి తగిలించిన ఒక ఎక్సెల్ షీటు, అమ్మానాన్నల్ని చేరిస్తే జీతంలోంచి ఎంత కోస్తారన్న లెక్కలు. అందరం చూసేది గుండె, మోకాళ్ళు, కళ్ళలో శుక్లాలు. ఎవరూ చదవని వరస ఒకటి కింద ఎక్కడో ఉంటుంది. దాని సారాంశం: పంటి వైద్యం వర్తించదు, ప్రమాదంలో దెబ్బ తగిలి ఆస్పత్రిలో చేరితే తప్ప. మోకాలు అరిగిపోతే మార్చడానికి లక్షలిచ్చే కంపెనీ, పన్ను అరిగితే పైసా విదల్చదు. అమ్మానాన్నల్ని ఆరునెలలు అమెరికా రప్పించుకునేవాళ్ళు కొనే విజిటర్ ఇన్సూరెన్సులోనూ మామూలుగా ఇదే తంతు.

మోకాలు ఒంట్లో భాగమైనప్పుడు పన్ను ఎందుకు కాదు? కొన్నాళ్ళుగా ఈ ప్రశ్న పట్టుకుని దొరికినవి చదువుతున్నాను. నాకు అర్థమైనంతవరకూ ఇది ఇన్సూరెన్సు కంపెనీల పిసినారితనం ఒక్కటే కాదు. దీని వెనక దాదాపు మూడొందల ఏళ్ళ కథ ఉంది. ఆ కథలో ప్రతి మలుపులోనూ ఎక్కువ నష్టపోయింది ముసలివాళ్ళే. మనందరి అమ్మానాన్నలూ అరవై దాటుతున్న వయసు కాబట్టి ఒకసారి తిరగేస్తే పోయేదేం లేదనిపించింది.

మొదట పురుగుతో మొదలెడదాం. తెలుగులో ఇప్పటికీ పన్ను "పుచ్చింది" అంటాం, వంకాయ పుచ్చినట్టు. అంటే లోపల పురుగుందని. ఇది మన ఒక్కళ్ళ నమ్మకం కాదు. బాబిలోనియా మట్టి పలకల మీద కూడా పంటి పురుగు కథ ఉంది. వేల ఏళ్ళ పాటు ప్రపంచమంతా అదే నమ్మింది. 1728 లో పారిస్ లో పియెర్ ఫోషార్ అనే ఆయన పంటి వైద్యం మీద పెద్ద పుస్తకం రాసి, పురుగూ లేదు గిరుగూ లేదు అని తేల్చాడు. నింపడం, సరిచేయడం, కట్టుడు పళ్ళు, అన్నీ అందులో ఉన్నాయి. ఆధునిక దంతవైద్యానికి ఆయన్నే పితామహుడంటారు. కానీ అప్పటికి పళ్ళు పీకేపని ఎక్కువగా క్షురకులదీ, సంతల్లో తిరిగే వాళ్ళదీ. డాక్టర్లు నోట్లో చెయ్యి పెట్టేవారు కాదు, అది చేతిపని కింద లెక్క. అసలు విడాకులు అక్కడే మొదలయ్యాయన్నమాట.

ఆ రోజుల్లో డబ్బున్నా పళ్ళు దక్కేవి కావు. జార్జి వాషింగ్టన్ 1789 లో అధ్యక్షుడయ్యేనాటికి ఆయన నోట్లో మిగిలిన సొంత పన్ను ఒక్కటే. ఆయనవి చెక్క పళ్ళు అని చిన్నప్పుడు క్విజ్ పుస్తకాల్లో చదివాం. అది తప్పు. నీటి ఏనుగు దంతం, సీసం, స్ప్రింగులు, వాటితో పాటు మనుషుల పళ్ళు. 1784 లో ఆయన ఎస్టేటు ఖాతా పుస్తకంలో "నీగ్రోల" దగ్గర తొమ్మిది పళ్ళు కొన్నట్టు పద్దు రాసి ఉంది. బానిసల పళ్ళు. అవి ఆయన నోట్లోకే వెళ్ళాయని ఎవరూ ఖాయంగా చెప్పలేరు గానీ, కొన్నట్టు మాత్రం లెక్క ఉంది. స్వేచ్ఛ గురించి మాట్లాడిన నోటికి, ఆ ఖాతా పుస్తకానికి మధ్య దూరం ఎంతో మీరే ఆలోచించుకోండి.

1815 లో వాటర్లూ యుద్ధం అయ్యాక చచ్చిపోయిన సైనికుల పళ్ళు పీకి అమ్ముకున్నారు. పడుచువాళ్ళ గట్టి పళ్ళు కదా, మంచి గిరాకీ. తర్వాత చాలా ఏళ్ళు, ఎక్కడ పీకినవైనా సరే, ఆ రకం కట్టుడు పళ్ళకి "వాటర్లూ పళ్ళు" అనే పేరు నిలిచిపోయింది. ముసలి ధనవంతుడి నోట్లో చనిపోయిన కుర్రాడి పళ్ళు!

ఇక అసలు మలుపు 1840. అమెరికాలో బాల్టిమోర్ లో ప్రపంచంలోనే మొదటి దంతవైద్య కళాశాల పెట్టారు. మెడికల్ కాలేజీలో ఒక విభాగంగా కాదు, విడిగా. మంచి ఉద్దేశంతో చేసిన పనే. సంతలో పీకుడుగాళ్ళ చేతుల్లోంచి ఒక చదువుకున్న వృత్తి పుట్టింది. కానీ మన భాషలో చెప్పాలంటే ఆ రోజు కోడ్ బేస్ రెండుగా విడిపోయింది, మళ్ళీ మెర్జ్ కాలేదు. వేరే కాలేజీ, వేరే డిగ్రీ, వేరే కౌన్సిల్. మన దేశంలో కూడా 1948 లో డెంటిస్టుల చట్టం విడిగానే వచ్చింది. వృత్తి వేరైనప్పుడు బిల్లు కూడా వేరే అయింది. తర్వాత వచ్చిన ఇన్సూరెన్సులన్నీ ఆ గీతనే పట్టుకు నడిచాయి.

విచిత్రమేంటంటే, వైద్యానికి ఆ కాలంలో దొరికిన అతి పెద్ద వరం ఇచ్చింది డెంటిస్టులే. హొరేస్ వెల్స్ 1844 లో నైట్రస్ ఆక్సైడ్ వాడాడు. విలియం మోర్టన్ 1846 లో ఈథర్ తో నొప్పి తెలియకుండా పన్ను పీకి, కొన్ని రోజులకే బోస్టన్ ఆస్పత్రిలో ఆపరేషన్ కి మత్తు ఇచ్చి చూపించాడు. ఇద్దరూ పళ్ళ డాక్టర్లే. ఈరోజు బైపాస్ చేయించుకునే ప్రతివాళ్ళూ వాళ్ళకి రుణపడి ఉన్నట్టే. అయితే నొప్పి లేకుండా పీకడం వచ్చాక ఏమయింది? పీకడం ఎక్కువైంది! పీకాక పెట్టడానికి చవకైన పళ్ళసెట్టు కావాలి. అది కూడా వెంటనే వచ్చింది. చార్లెస్ గుడ్ ఇయర్ తమ్ముడు నెల్సన్ 1851 లో గట్టి రబ్బరుకి పేటెంటు తీసుకున్నాడు. బంగారు ప్లేటు కొనలేని మామూలు మనిషి కూడా రబ్బరు ప్లేటు మీద పళ్ళు పెట్టించుకోగలిగాడు.

ఇక్కడ ఒక పేటెంట్ కథ ఉంది, మనవాళ్ళకి బాగా నచ్చుతుంది. ఈ రబ్బరు పళ్ళ పేటెంటు ఒక కంపెనీ చేతిలో పడింది. దాని తరఫున జోసయ్యా బేకన్ అనే ఆయన దేశమంతా తిరిగి, లైసెన్స్ ఫీజు కట్టని డెంటిస్టుల మీద కేసులు వేయడమే పనిగా పెట్టుకున్నాడు. సుప్రీంకోర్టు దాకా వెళ్ళి గెలిచారు కూడా. చివరికి 1879 లో శాన్ ఫ్రాన్సిస్కోలో శామ్యూల్ చాల్ఫంట్ అనే డెంటిస్టు బేకన్ ని తుపాకీతో కాల్చి చంపాడు. సాఫ్ట్ వేర్ పేటెంట్ల మీద మన గొడవలు ఎంతో నయం :) రెండేళ్ళకి పేటెంటు గడువు తీరిపోయింది, రబ్బరు పళ్ళు ఇంకా చవకయ్యాయి.

ఇంతవరకూ పళ్ళు ఊడితే ఏం పెట్టాలి అన్న ప్రశ్న. ఇరవయ్యో శతాబ్దంలో ఇంకో అడుగు ముందుకేసి, ఉన్నవి కూడా ఊడబీకడం మొదలెట్టారు. 1910 లో విలియం హంటర్ అనే బ్రిటిష్ డాక్టరు మాంట్రియల్ లో ఒక ప్రసంగం చేశాడు. నోట్లో చీము ఒళ్ళంతా పాకి జబ్బులన్నిటికీ కారణమవుతోంది, పుచ్చిన పళ్ళ మీద బంగారు తొడుగులు వేయడం దాన్ని మూతపెట్టి దాచడమే అని ఆయన వాదన. అందులో కొంత నిజం ఉంది. కానీ డాక్టర్లు దాన్ని పట్టుకుని కీళ్ళనొప్పులకి పళ్ళు పీకారు, నీరసానికి పీకారు. అమెరికాలో ట్రెంటన్ పిచ్చాసుపత్రిలో హెన్రీ కాటన్ అనే డాక్టరు మతిస్థిమితం లేనివాళ్ళ పళ్ళు పీకించాడు, పిచ్చి తగ్గుతుందని. మూలకారణం తేలకుండా మాడ్యూల్ మొత్తం డిలీట్ చేసినట్టు. 1940 ల నాటికి ఈ సిద్ధాంతం వీగిపోయింది గానీ, అప్పటికే ఒక తరం బోసినోళ్ళతో ముసలితనంలోకి అడుగుపెట్టింది.

ఇంగ్లండులో అయితే పాతికేళ్ళలోపు ఆడపిల్లలకి పెళ్ళికి ముందే పళ్ళన్నీ పీకించి సెట్టు పెట్టించే అలవాటు కొన్ని ప్రాంతాల్లో ఉండేది. అదో కానుక. కాబోయే అల్లుడికి ముందుముందు పళ్ళ ఖర్చు ఉండదని! మనం కట్నం గురించి సిగ్గుపడతాం, వీళ్ళది ఇంకో రకం.

1948 జూలై 5 న బ్రిటన్ లో ప్రభుత్వ ఆరోగ్య సేవ ప్రారంభమైంది. అన్నీ ఉచితం, పళ్ళతో సహా. జనం పళ్ళసెట్ల కోసం ఎంతలా ఎగబడ్డారంటే వేసుకున్న బడ్జెట్ అంచనాలన్నీ తలకిందులయ్యాయి. 1951 లో ఆర్థికమంత్రి గెయిట్ స్కెల్ కొరియా యుద్ధం ఖర్చుల కోసం కట్టుడు పళ్ళకీ కళ్ళజోళ్ళకీ సగం ధర వసూలు చేస్తామన్నాడు. ఆ సేవని పుట్టించిన అనైరిన్ బెవన్ దీనికి నిరసనగా మంత్రి పదవికి రాజీనామా చేశాడు. ఆయనతో పాటు హెరాల్డ్ విల్సన్ కూడా. అదే ఏడాది ఎన్నికల్లో లేబర్ పార్టీ ఓడిపోయింది. ఉచితం అన్నమాటకి మొదటి చిల్లు పడింది ముసలివాళ్ళ పళ్ళసెట్టు దగ్గరే అన్నది గుర్తుపెట్టుకోండి. 1968 లో ఇంగ్లండ్, వేల్స్ లలో సర్వే చేస్తే పెద్దవాళ్ళలో 37 శాతం మందికి ఒక్క సొంత పన్ను కూడా లేదు.

అమెరికాలో ఇంకా సూటిగా జరిగింది. 1965 జూలై 30 న జాన్సన్ మెడికేర్ చట్టం మీద సంతకం పెట్టాడు, అరవై అయిదు దాటినవాళ్ళకి ప్రభుత్వ ఇన్సూరెన్సు. అందులో పళ్ళ చికిత్స, నింపడం, పీకడం, కొత్తవి పెట్టడం వీటికి డబ్బివ్వం అని చట్టంలోనే రాసేశారు. డెంటిస్టుల సంఘానికీ ప్రభుత్వం తమ ఫీజుల్లో వేలుపెట్టడం ఇష్టం లేదు. మొదటి రిలీజ్ లో అవుట్ ఆఫ్ స్కోప్ అని రాసింది ఎప్పటికీ అలాగే ఉండిపోతుందని మనకి తెలుసుగా. 2021 లో దీన్ని మార్చే ప్రయత్నం జరిగి వీగిపోయింది. 2023 నుంచి మాత్రం అవయవమార్పిడి, గుండె కవాటాల ఆపరేషన్ లాంటి వాటికి ముందు అవసరమయ్యే పంటి వైద్యానికి డబ్బివ్వడం మొదలెట్టారు. అంటే పన్నుకి విలువ వచ్చింది, కానీ గుండెకి అడ్డొస్తే మాత్రమే.

"అయితే ఇన్సూరెన్సులో పళ్ళు చేరిస్తే సరిపోతుంది కదా" అంటారా? నేనూ ముందు అదే అనుకున్నాను. జపాన్ కథ చదివాక అంత తేలిక కాదని తెలిసింది. జపాన్ లో 1961 కల్లా అందరికీ ఇన్సూరెన్సు ఉంది, పళ్ళతో సహా. అయినా 1980 ల చివర్లో ఎనభై ఏళ్ళవాళ్ళలో ఇరవై పళ్ళున్నవాళ్ళు పదిమందికి ఒకరు కూడా లేరు. అంటే ఇన్సూరెన్సు పీకడానికీ, సెట్టు పెట్టడానికీ డబ్బిచ్చింది. కాపాడలేదు. బగ్ ఫిక్సులకి బడ్జెట్ ఉంది, మెయింటెనెన్స్ కి లేదు.

అప్పుడు 1989 లో వాళ్ళ ఆరోగ్యశాఖా, డెంటిస్టుల సంఘమూ కలిసి ఒక ఉద్యమం మొదలెట్టాయి. పేరు 8020. ఎనభయ్యో ఏట ఇరవై సొంత పళ్ళు. అంతే. ఇరవై ఎందుకంటే, అన్ని ఉంటే మామూలు తిండి దాదాపు ఏదైనా నమిలి తినొచ్చు. ఇంత చక్కటి టార్గెట్ ఈమధ్య ఏ ప్రాజెక్టు ప్లానులోనూ చూడలేదు. కొలవొచ్చు, గుర్తుంటుంది, ముసలమ్మ కూడా వేళ్ళతో లెక్కపెట్టుకోవచ్చు. నవ్వినవాళ్ళు నవ్వారు. 2016 సర్వేలో ఆ ఇరవై పళ్ళున్నవాళ్ళు 51.2 శాతం. బ్రిటన్ లో కూడా ఒక్క పన్నూ లేనివాళ్ళు 2009 కల్లా 6 శాతానికి దిగారు. ఫ్లోరైడ్ పేస్టు, చిగుళ్ళ మీద శ్రద్ధ, పీకే ముందు ఆలోచించే డెంటిస్టులు, ఇవే కారణాలు. అరవై ఏళ్ళలో మనిషి శరీరం మారలేదు కదా? మరి "వయసైతే పళ్ళూడటం సహజం" అన్న మాట ఏమైనట్టు? చిగుళ్ళ జబ్బూ పుచ్చూ ఊడగొడుతుంటే మనం ఇన్నాళ్ళూ వయసు మీద నేరం మోపామన్నమాట.

జపాన్ వాళ్ళే ఇంకో మెట్టు ఎక్కారు. యోనెయామా బృందం 11 వృద్ధాశ్రమాల్లో 366 మందిని రెండేళ్ళు గమనించి 2002 లో ఫలితాలు ప్రచురించింది. సగం మందికి రోజూ భోజనం తర్వాత సిబ్బంది నోరు శుభ్రం చేశారు, వారానికోసారి డెంటిస్టు గానీ హైజీనిస్టు గానీ చూశారు. మిగతా సగానికి మామూలే. నిమోనియా వచ్చింది శుభ్రం చేసినవాళ్ళలో 11 శాతానికి, చేయనివాళ్ళలో 19 శాతానికి. కారణం సులువే. మంచం పట్టినవాళ్ళు మింగేటప్పుడు పొరపోయి నోట్లోని లాలాజలం, దాంతో పాటు క్రిములూ ఊపిరితిత్తుల్లోకి జారతాయి. తర్వాత అమెరికాలో వేరే పద్ధతిలో, మౌత్ వాష్ లాంటి వాటితో చేసిన ట్రయల్ లో ఇంత లాభం కనబడలేదు (2015), కాబట్టి నోరు కడిగితే నిమోనియా రాదని గ్యారంటీ ఏం లేదు. కానీ అదే ఏడాది జపాన్ లో 85 దాటిన 524 మంది మీద చేసిన పరిశీలనలో, పళ్ళసెట్టు తీయకుండా పడుకునేవాళ్ళకి నిమోనియా ముప్పు రెండింతలు పైనే కనబడింది. "తాతగారు నిమోనియాతో పోయారు" అని ఎన్ని ఇళ్ళల్లో విన్నామో. ఆ చివరి నెలల్లో ఆయన నోరు ఎవరైనా తెరిచి చూశారా?

సరే, మన సంగతికొద్దాం. తెలుగువాళ్ళ నోటికీ వైద్య చరిత్రలో చోటుంది, గర్వపడే రకంగా కాదు. 1937 లో షార్ట్ బృందం మద్రాసు రాష్ట్రంలోని అప్పటి నెల్లూరు జిల్లాలో ఫ్లోరోసిస్ గురించి రాసింది. పళ్ళు గోధుమరంగు తేలడంతో ఆగకుండా, వయసు పెరిగేకొద్దీ ఎముకలు బిగుసుకుపోయి నడుం వంగిపోయిన మనుషులు. ఎనిమిదేళ్ళ తర్వాత 1945 లో అమెరికాలో గ్రాండ్ రాపిడ్స్ లో, పళ్ళు గట్టిపడాలని అదే ఫ్లోరైడ్ ని కొద్ది మోతాదులో నీళ్ళలో కలిపారు. అక్కడ కలిపారు, ఇక్కడ తీయలేకపోయాం. 1970 లలో ఫ్లోరైడ్ తీసే పద్ధతి ఒకటి నాగపూర్ సంస్థ నీరీ తయారుచేస్తే దానికి ప్రపంచమంతా వాడే పేరు "నల్గొండ టెక్నిక్". ఊరి పేరు ఇలా వెళ్ళాల్సింది కాదు.

ఇంకోటి అడ్డపొగ. శ్రీకాకుళం, విశాఖ తీరంలో పెద్దవయసు ఆడవాళ్ళు చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాలుస్తారు. దీనివల్ల అంగిట్లో క్యాన్సర్ వస్తోందని 1957 లోనే కోస్తాంధ్ర డాక్టర్లు రాశారు. 1971 లో 10,169 మంది గ్రామస్తుల అంగిళ్ళు చూసిన అధ్యయనం వచ్చింది. అంగిలి కేన్సరు గురించి చదివే విదేశీ విద్యార్థికి మన శ్రీకాకుళం అవ్వలు తెలుసు, మనకే తెలీదు.

అలా అని పాత రోజుల్లో మనవాళ్ళకి నోటి శుభ్రం పట్టదని కాదు. వేపపుల్ల, కానుగపుల్ల, ఉత్తరేణి వేరు, తిన్నాక పుక్కిలించడం, ఇవన్నీ మంచి అలవాట్లే. ఇటుకపొడితో తోమి పళ్ళ పైపొర అరగదీసుకున్న ఊళ్ళూ ఉన్నాయి, అది వేరే సంగతి. తేడా ఎక్కడంటే, పళ్ళు పోయాక వాళ్ళకి తగ్గట్టు ఇల్లే మారిపోయేది. తాంబూలం దంచడానికి చిన్న రోలు, జంతికలు పొడిచేసి పెట్టే కోడలు, మజ్జిగలో మెత్తగా పిసికిన అన్నం. అది ప్రేమే, కాదనను. కానీ ఆ మెత్తటి అన్నమే షుగరున్న మనిషికి మూడుపూటలా పెడుతున్నాం. వేరుశనగలూ, పచ్చికూరలూ, పళ్ళూ ఒక్కోటీ కంచంలోంచి తప్పుకుంటాయి. షుగరు చిగుళ్ళని పాడుచేస్తుంది, పాడైన చిగుళ్ళు షుగర్ని అదుపులో ఉండనివ్వవు. పళ్ళున్నప్పుడు శనగలు లేవు, శనగలున్నప్పుడు పళ్ళు లేవు అని సామెత. మనం జీతాలు పంపించి శనగలు కొనిపెట్టాం.

పైగా మన అపోహలు మనకున్నాయి. పై పన్ను పీకిస్తే చూపు పోతుందంటారు, పోదు. క్లీనింగ్ చేయిస్తే పళ్ళు కదులుతాయంటారు. గార పట్టి ఉబ్బిన చిగురు శుభ్రమయ్యాక సర్దుకుని, అప్పటికే ఉన్న వదులు బయటపడుతుందంతే. "ఈ వయసులో నాకెందుకురా పళ్ళు, పెళ్ళా పేరంటమా" అన్నది అన్నిటికంటే పెద్ద అపోహ. మా నాయనమ్మ అదే అనేది. ఆవిడ చివరి పదేళ్ళూ పెళ్ళిభోజనాలకి రావడం మానేసింది. నలుగురి ముందు నమల్లేక అని మాకెవ్వరికీ చెప్పలేదు, ఇంటికి వచ్చాక ప్లేటులో మెత్తటివి ఏం తెచ్చామా అని చూసేది.

కాబట్టి ఈసారి ఇంటికెళ్ళినప్పుడు బీపీ మిషనూ, షుగర్ స్ట్రిప్పులతో పాటు ఇవి కూడా చూడండి.

1. అమ్మానాన్నల్ని కూర్చోబెట్టి పళ్ళు లెక్కపెట్టండి. నవ్వుకుంటూనే అయిపోతుంది. ఇరవై ఉన్నాయా?
2. సెట్టు ఉంటే రాత్రిళ్ళు తీసి, మెత్తటి బ్రష్ తో కడిగి, నీళ్ళలో పెడుతున్నారా? వదులైపోయినదాన్ని ఏళ్ళతరబడి ఓర్చుకుంటున్నారేమో అడగండి.
3. రెండుమూడు వారాలైనా మానని పుండు, తెల్లటి ఎర్రటి మచ్చ ఉంటే వాయిదా వేయకుండా చూపించండి. పొగాకు, వక్క అలవాటుంటే మరీను.
4. నోరు ఎండిపోతోందా? బీపీకీ, నిద్రకీ వాడే చాలా మందులు లాలాజలం తగ్గిస్తాయి, పుచ్చు పెంచుతాయి. మందులు మానకుండా డాక్టరుకి చెప్పాలి.
5. పన్ను పీకించేముందు రక్తం పలచబడే మందులు, ఎముకల బలానికి వేసే ఇంజెక్షన్లు ఏమైనా వాడుతున్నారా అన్నది డెంటిస్టుకి చెప్పి తీరాలి. సొంతంగా ఆపకూడదు.
6. మంచం మీద ఉన్నవాళ్ళకి ఒక్క పన్ను లేకపోయినా నోరు శుభ్రం చేయాలి, కూర్చోబెట్టి తినిపించాలి. ఇంట్లో పెట్టుకున్న ఆయాకి ఈ పని ప్రత్యేకంగా చెప్పండి, చెప్పకపోతే చెయ్యరు.

పళ్ళు పూర్తిగా పోయినవాళ్ళకీ దారి ఉంది. స్వీడన్ లో బ్రోనెమార్క్ కుందేళ్ళ ఎముకల మీద పరిశోధన చేస్తూ, టైటానియం ఎముకకి అతుక్కుపోతుందని 1952 లో అనుకోకుండా గమనించాడు. 1965 లో యోస్టా లార్సన్ అనే రోగికి ఇంప్లాంట్లు పెడితే, 2006 లో ఆయన పోయేదాకా పనిచేశాయి. నలభై ఏళ్ళ అప్ టైమ్! అందరికీ నప్పవు, ఖర్చూ ఎక్కువే. అందుకే ఉన్న పళ్ళని కాపాడుకోవడమే చవక.

ఇన్సూరెన్సు విషయానికి మళ్ళీ వస్తే, 1840 లో గీసిన గీత మనం చెరపలేం. కానీ వచ్చే రెన్యువల్ కి హెచ్చార్ వాళ్ళు "సలహాలు పంపండి" అని మెయిల్ పెడతారు కదా, అరవై దాటినవాళ్ళకి ఏడాదికోసారి పళ్ళ పరీక్ష, క్లీనింగ్ చేర్చమని ఒక లైను రాయొచ్చు. ఒక్కరు రాస్తే చెత్తబుట్టలోకి పోతుంది. ఫ్లోరుకి పదిమంది రాస్తే బేరంలో ఒక పాయింటవుతుంది. మీ కంపెనీల్లో ఎక్కడైనా ఇది ఇప్పటికే ఉంటే ఎలా సాధించారో చెప్పండి, నేను మావాళ్ళకి చూపించుకుంటాను.